హంగరీలో పల్లెల చేతికొచ్చిన అధికారం మళ్ళీ ఎలా జారిపోయింది?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నేను హంగరీలో మాస్టర్స్ చేస్తున్నాను. 1990లో కమ్యూనిస్టు పాలన పోగానే ప్రతి పల్లెకూ స్వపరిపాలన ఇచ్చారని, 2010 తర్వాత ఒర్బాన్ ప్రభుత్వం బళ్ళు, ఆసుపత్రులు అన్నీ వెనక్కి తీసుకుందని క్లాసులో చెప్పారు. ఇరవై ఏళ్ళు చేతిలో ఉన్న అధికారం రెండేళ్ళలో ఎలా పోయింది? పల్లెలు ఎందుకు ఎదురు తిరగలేదు? థీసిస్ కోసం ఎక్కడ మొదలుపెట్టాలి?"

రెండేళ్ళలో పోలేదండీ. చట్టం మారింది రెండేళ్ళలో. చేతిలోంచి జారిపోవడం 1991 నుంచే మొదలైంది. ముందు డబ్బు పోయింది, తర్వాత అప్పు వచ్చింది, చివర్లో అధికారం పోయింది. ఈ వరస పట్టుకుంటే మీ రెండో ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది. 2012 నాటికి చాలా పల్లెల దగ్గర మిగిలినవి అప్పులు, జీతాల బకాయిలు, వానకు కారే బడి కప్పు. వాటిని నేను మోస్తానని ఎవరైనా ముందుకొస్తే వద్దనే ఓపిక ఎవరికీ లేదు.

అంతమాత్రాన 2010 తర్వాత జరిగింది సరైనదని నేననను. అప్పు తీర్చడానికి బడిని తీసుకోనక్కర్లేదు. అది ఎందుకో కిందకు వచ్చేసరికి చెప్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో: 2003లో చదువు కోసం బుడాపెస్ట్ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. 2006 నుంచి చిన్న ఊళ్ళకు, పట్టణాలకు యూరోపియన్ యూనియన్ గ్రాంట్ల దరఖాస్తులు తయారుచేసి, ఆ డబ్బు ఖర్చు లెక్కలు సరిచూసే పనిలో ఉన్నాను. కాబట్టి నేను చెప్పేది ఎక్కువగా లెక్కల పుస్తకాల వైపు నుంచి ఉంటుంది. రాజకీయ శాస్త్రం చదివినవాళ్ళు ఇదే కథను వేరే వైపు నుంచి చెప్తారు, వాళ్ళనీ చదవండి.

1990లో అంత దూరం ఎందుకు వెళ్ళారు?

ఇది అర్థం కావాలంటే అంతకుముందు నలభై ఏళ్ళు చూడాలి. 1950 నుంచి 1990 దాకా హంగరీలో ఊళ్ళను నడిపింది "టనాచ్" అనే కౌన్సిళ్ళు. పేరుకు ఎన్నికలు ఉండేవి. పనిమాత్రం పైనుంచి వచ్చిన ఆజ్ఞ అమలు చేయడమే. పల్లె జనానికి కౌన్సిల్ మీద ఉన్న కోపం కంటే ఊరు చచ్చిపోతుందన్న భయం పెద్దది. 1971లో ప్రభుత్వం దేశంలోని ఊళ్ళన్నిటికీ ఒక అభివృద్ధి ప్రణాళిక గీసింది. ఏ పట్టణం పెరగాలి, ఏది కేంద్రంగా ఉండాలి అని తరగతులు పెట్టి, వెయ్యికి పైగా పల్లెలను ఏ పాత్రా లేని ఊళ్ళుగా పక్కన పెట్టేసింది. ఆ ముద్ర పడ్డ ఊరికి బడి రాదు, కొత్త రోడ్డు రాదు. ఉన్న కౌన్సిల్‌ను పక్క ఊరి కౌన్సిల్‌లో కలిపేసేవారు. కౌన్సిల్ పోతే డాక్టరు పోతాడు, బడి పోతుంది, కుర్రకారు పట్టణం బాట పడతారు.

బారాన్యా జిల్లాలో డ్యురుఫ్యు అనే పల్లె 1970ల మొదట్లో పూర్తిగా ఖాళీ అయిపోయింది. హంగరీలో ఆ తరం వాళ్ళకు ఆ పేరు చెబితే చాలు, ఇంకేమీ వివరించనక్కర్లేదు. నేను వెళ్ళిన ఊళ్ళలో డెబ్బై దాటిన ముసలమ్మలు "మాదీ అలాగే అయ్యేది" అని ఇప్పటికీ ఆ పేరు తెస్తారు.

అందుకని 1990లో 65వ చట్టం వచ్చినప్పుడు ప్రతి ఊరూ నాకు నా సొంత ప్రభుత్వం కావాలంది. పదిహేను వందల దాకా ఉన్న కౌన్సిళ్ళ స్థానంలో 3,000 పైచిలుకు స్థానిక ప్రభుత్వాలు పుట్టాయి. కోటి మంది జనాభా ఉన్న దేశంలో! వాటిలో సగానికి పైగా వెయ్యి మంది లోపు ఊళ్ళు. దాదాపు మూడో వంతు ఊళ్ళలో ఐదు వందల మంది కూడా లేరు. 1990 సెప్టెంబరు 30న, అక్టోబరు 14న ఎన్నికలు జరిగితే చిన్న ఊళ్ళలో ఎక్కువగా ఏ పార్టీకీ చెందనివాళ్ళే మేయర్లుగా గెలిచారు. చాలా చోట్ల పాత కౌన్సిల్ చైర్మన్నే జనం మళ్ళీ ఎన్నుకున్నారు. మనిషి మంచివాడైతే పాత జెండాను పట్టించుకోలేదన్నమాట.

ఆ చట్టం ఇచ్చింది తక్కువేమీ కాదు. ప్రాథమిక బడి, తాగునీరు, ముసలివాళ్ళ సంరక్షణ, వీధి దీపాలు, శ్మశానం, స్థానిక రోడ్లు ఊరివే. హైస్కూళ్ళు, ఆసుపత్రులు పట్టణాలకు, జిల్లాలకు. ఆస్తులు కూడా చేతికిచ్చారు: ప్రభుత్వ ఇళ్ళు, నీటి సంస్థలు, బడి భవనాలు. రెండు వందల మంది ఉన్న పల్లెకూ బుడాపెస్ట్‌కూ చట్టం ముందు ఒకే హక్కులు. పైగా ఈ చట్టాన్ని మార్చాలంటే పార్లమెంటులో మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి. తూర్పు యూరప్‌లో ఇంత ఉదారమైన స్థానిక చట్టం ఆ రోజుల్లో ఇంకొకటి లేదని చాలామంది అంటారు, నేనూ అంటాను.

దాని ఫలితం కళ్ళకు కనిపించింది కూడా. 1990లలో హంగరీ పల్లెల్లో గ్యాస్ పైపులు, టెలిఫోన్ లైన్లు, మురుగు కాల్వలు పాకిన వేగం చూస్తే, ఊరివాళ్ళ చేతిలో నిర్ణయం ఉంటే ఏమవుతుందో తెలుస్తుంది. ఇంటింటికీ చందా వేసుకుని, ప్రభుత్వ సాయం కలుపుకుని తవ్వించుకున్నారు. ఈ మాట ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, తర్వాత "పల్లెలకు పాలించడం చేతకాలేదు" అని ఒక వాదన లేచింది. ఆ వాదన చేసేవాళ్ళు ఈ పదేళ్ళను లెక్కలోంచి తీసేస్తారు.

డబ్బు ఎలా పోయింది

ఇప్పుడు అసలు విషయం. 1990లో ఊరి జనం కట్టిన వ్యక్తిగత ఆదాయపు పన్ను మొత్తం ఊరికే అన్నారు. 1991లో అది సగమైంది. 1993లో 30 శాతం. ఆ తర్వాత ఏటా బడ్జెట్‌లో ఒక గీత మారుతూ పోయింది. 2000 నాటికి వసూలైన చోట మిగిలింది 5 శాతం. మధ్యలో కొంచెం పెరిగి, 2010 ప్రాంతంలో 8 శాతం. 2013 నుంచి సున్నా.

దీనికి రెండు వంతుల మెజారిటీ అక్కర్లేదు, గమనించండి. అధికారాలు తీసెయ్యాలంటే చట్టం అడ్డం. నిధులు తగ్గించాలంటే మామూలు బడ్జెట్ ఓటు చాలు. 1990 చట్టం రాసినవాళ్ళు తలుపుకు పెద్ద తాళం వేసి కిటికీ తెరిచి ఉంచారు. ఆ కిటికీలోంచి అన్ని రంగుల ప్రభుత్వాలూ వచ్చాయి. సోషలిస్టులు, లిబరల్స్, 1998 నుంచి 2002 దాకా మొదటి ఒర్బాన్ ప్రభుత్వం, మళ్ళీ సోషలిస్టులు. ఎవరి చేతులూ శుభ్రంగా లేవు.

మరి ఊరికి సొంత ఆదాయం లేదా? ఉంది. స్థానిక వ్యాపార పన్ను అని, వ్యాపారం టర్నోవరు మీద గరిష్ఠంగా 2 శాతం. కానీ వ్యాపారం ఉండాలి కదా. ఆడీ ఫ్యాక్టరీ ఉన్న గ్యోర్ నగరానికి అది బంగారు గని. ఒక కిరాణా కొట్టు, ఒక బారు ఉన్న పల్లెకు ఆ పన్ను వీధి దీపాల బిల్లుకు కూడా చాలదు. దేశం మొత్తానికి సగటు తీసి "స్థానిక ఆదాయం బాగానే ఉంది" అని రాసే వ్యాసాలు చూస్తుంటాను. ఆ సగటు గ్యోర్‌దీ కాదు, పల్లెదీ కాదు.

నేను మొదట పని చేసిన ఊరు దక్షిణాన బారాన్యాలోనే. పేరు చెప్పను, మూడు వందల చిల్లర జనాభా. ఆఫీసు రెండు గదులు. ఒక గదిలో పచ్చ పెంకుల కట్టె పొయ్యి, దాని పక్కనే ఫైళ్ళ బీరువా. బీరువా అడుగు అరలో పాత కౌన్సిల్ రబ్బరు ముద్ర ఒకటి, ఎవరూ పారెయ్యలేదు. "యెడ్జో" అంటారు ఇక్కడ, మన పంచాయతీ కార్యదర్శి లాంటి అధికారి అనుకోండి, కాకపోతే చట్టం చదివినవాళ్ళు. ఆమె నాలుగు ఊళ్ళు చూసేది. ఈ ఊరికి మంగళవారం, గురువారం వచ్చేది.

2007 బడ్జెట్ నాకు చూపించింది. నాలుగు తరగతుల బడి, పంతొమ్మిది మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ప్రభుత్వం పిల్లవాడికింత అని ఇచ్చే డబ్బు టీచర్ల జీతాల్లో సగం దాటదు. పిల్లలు తగ్గితే డబ్బు తగ్గుతుంది, టీచరు జీతం తగ్గదు, పొయ్యిలో కట్టెలు తగ్గవు. ఆ తేడాను పూడ్చడానికి ఊరు ఏటా "ఓన్‌హికి" అనే సాయానికి దరఖాస్తు పెట్టుకునేది. ఆ మాటను విప్పితే "తన తప్పు లేకుండా కష్టాల్లో పడ్డ స్థానిక ప్రభుత్వం" అని అర్థం. ప్రభుత్వమే డబ్బు తగ్గించి, ప్రభుత్వమే "నీ తప్పు లేదులే" అని సర్టిఫికెట్ ఇచ్చి, ప్రభుత్వమే కాస్త సాయం చేసే పథకం అది. ఆ దరఖాస్తులో తప్పు తమది కాదని రుజువు చేసుకోవడానికి యెడ్జో నింపిన పట్టికలు నలభై పేజీలు. వాటి మీద ఆమె పెన్సిలుతో వేసుకున్న కూడికలు నాకు ఇంకా కళ్ళ ముందున్నాయి. డబ్బు డిసెంబరులో వచ్చింది. అప్పటిదాకా టీచర్ల జీతాలు బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టులోంచి ఇచ్చారు.

నా దృష్టిలో అధికారం పోయింది ఆ ఏడాదే. చట్టం ప్రకారం ఆ ఊరు ఇంకా స్వతంత్రమే. కానీ బడి ఉంచాలా మూసెయ్యాలా అన్నది ఊరి సభలో తేలడం లేదు, ఓన్‌హికి డబ్బు వస్తుందా రాదా అన్న దాని మీద తేలుతోంది.

ఊళ్ళను కలిపేస్తే పోయేది కదా అని మీరు అడగొచ్చు. బలవంతంగా కలపడానికి చట్టం ఒప్పుకోదు, జనం అసలే ఒప్పుకోరు, 1971 గుర్తుంది కదా. 2004లో మధ్యేమార్గంగా ఒక చట్టం తెచ్చారు. చుట్టుపక్కల ఊళ్ళు సంఘంగా ఏర్పడి బడి, సంక్షేమం కలిసి నడుపుకుంటే అదనపు నిధులు. అది కొంత పని చేసింది, నిజాయితీగా చెప్పాలంటే చాలా చోట్ల బాగానే చేసింది. ఇంకో పదేళ్ళు సరైన నిధులతో నడిపి ఉంటే కథ వేరేలా ఉండేదని నా నమ్మకం.

స్విస్ ఫ్రాంకుల కథ

పల్లెలకు బకాయిలు, పట్టణాలకు బాండ్లు, అంటే అప్పు పత్రాలు. ఇది విడిగా చెప్పాల్సిన కథ, థీసిస్‌లో దీనికి ఒక అధ్యాయం ఇవ్వండి.

2004లో హంగరీ యూరోపియన్ యూనియన్‌లో చేరింది. 2007 నుంచి పెద్ద గ్రాంట్లు మొదలయ్యాయి. గ్రాంటు కావాలంటే ఊరు తన వాటాగా కొంత పెట్టాలి. డబ్బు లేదు. 2006 ఎన్నికల తర్వాత కేంద్రం ఇంకా బిగించింది, రేపు అప్పు కూడా పుట్టనివ్వదేమో అన్న పుకారు వచ్చింది. సరిగ్గా అప్పుడే బ్యాంకుల వాళ్ళు బాండ్ల పథకాలు పట్టుకుని మునిసిపల్ ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఎక్కువ బాండ్లు స్విస్ ఫ్రాంకుల్లో. వడ్డీ తక్కువ, అసలు కట్టడం కొన్నేళ్ళ తర్వాత.

నేను గ్రాంటు పనికి వెళ్ళిన ఒక పట్టణంలో, పన్నెండు వేల జనాభా ఉంటుంది, 2008 వసంతంలో కౌన్సిల్ సమావేశంలో వెనక కూర్చుని చూశాను. అజెండాలో ఆరో అంశం బాండ్లు. చర్చ పదిహేను నిమిషాలు నడిచింది. ఒకే ఒక్క సభ్యురాలు, రిటైరైన లెక్కల టీచరు, ఫ్రాంకు రేటు పెరిగితే ఎలా అని అడిగింది. బ్యాంకు నుంచి వచ్చిన కుర్రాడు ఒక గ్రాఫ్ చూపించాడు. చేతులెత్తారు, తీర్మానం అయిపోయింది. వచ్చిన డబ్బును వెంటనే ఖర్చుపెట్టలేదు కూడా. హంగరీ సొంత కరెన్సీ ఫోరింట్లలో డిపాజిట్ చేసి, అక్కడొచ్చే ఎక్కువ వడ్డీతో మునిసిపల్ జీతాలు ఇచ్చుకున్నారు. చాలా పట్టణాలు ఇదే చేశాయి. ఆ రోజుల్లో దీన్ని తెలివి అనుకున్నారు. నాకూ అప్పుడు తప్పనిపించలేదు.

2008 వేసవిలో ఒక ఫ్రాంకు 150 ఫోరింట్ల లోపే. 2011 చివరికి 250 దాటింది. అసలు చెల్లింపులు మొదలయ్యే సమయానికి అప్పు దాదాపు అరవై, డెబ్బై శాతం ఉబ్బి కూర్చుంది. దివాలా తీసిన మునిసిపాలిటీల కోసం 1996లోనే ఒక చట్టం చేశారు, తూర్పు యూరప్‌లో అలాంటిది మొదటివాటిలో ఒకటి. కానీ అది ఒక్కో ఊరు పడిపోయినప్పుడు పనికొచ్చేది. వందల ఊళ్ళు ఒకేసారి ఒకే గోతిలో పడితే దాని వల్ల కాదు.

2010 నుంచి 2013: చట్టం మారిన రోజులు

2010 ఏప్రిల్‌లో ఒర్బాన్ పార్టీ ఫిదేస్‌కు మూడింట రెండు వంతుల మెజారిటీ వచ్చింది. పెద్ద తాళానికి తాళంచెవి దొరికింది. అదే శరదృతువులో స్థానిక ఎన్నికల్లో 19 జిల్లా సభలూ వాళ్ళవే. జిల్లా హోదా ఉన్న 23 నగరాల్లో సెగెద్ తప్ప మిగతా అన్నీ వాళ్ళ మేయర్లవే. పార్లమెంటు సభ్యుల్లో పదుల మంది మేయర్లు కూడా. ఈ సంగతి మీ రెండో ప్రశ్నకు సగం జవాబు. ఎదురు తిరగాల్సినవాళ్ళు, ఓటు వేసి తీసేసినవాళ్ళు ఒకళ్ళే.

తర్వాత వరసగా జరిగాయి. 2011లో కొత్త రాజ్యాంగం, దాంతోపాటు 189వ చట్టంగా కొత్త స్థానిక ప్రభుత్వాల చట్టం. 2012 జనవరి 1న జిల్లాల ఆసుపత్రులు, ఇతర సంస్థలు వాటి అప్పులతో సహా రాష్ట్రానికి, అంటే ఇక్కడ కేంద్రానికి. మే 1న పట్టణ ఆసుపత్రులు. 2013 జనవరి 1న 175 "యారాష్"లు. పాత తాలూకాల లాంటివి, మళ్ళీ బతికించారు. మేయర్ ఆఫీసులో జరిగే ధ్రువపత్రాల పని, లైసెన్సుల పని చాలావరకు ఆ ఆఫీసులకు పోయింది. అవి ప్రభుత్వం నియమించిన జిల్లా కమిషనర్ కింద పనిచేస్తాయి. అదే రోజున బళ్ళు కూడా కేంద్రానికి. రెండు వేల మంది లోపు ఊళ్ళకు విడిగా ఆఫీసు ఉండకూడదు, కలిసి పెట్టుకోవాలి. అప్పు చేయాలంటే ప్రభుత్వ అనుమతి. వచ్చే డబ్బు ఏ పనికి ఇచ్చారో ఆ పనికే. స్థానిక ప్రభుత్వాల ఖర్చు అంతకుముందు దేశ స్థూలోత్పత్తిలో 12 శాతం దరిదాపు ఉండేది, కొన్నేళ్ళలో సగానికి పడింది.

దీనికి బదులుగా ఊళ్ళకు అప్పు తీరింది. 2011 చివర్లో జిల్లాలతో మొదలుపెట్టి, 2012లో ఐదు వేల లోపు ఊళ్ళు, తర్వాత పెద్ద పట్టణాలకు కొంత, 2014కల్లా మిగిలిందీ. మొత్తం సుమారు 1.37 లక్షల కోట్ల ఫోరింట్ల మునిసిపల్ అప్పును కేంద్రం తన మీద వేసుకుంది. బాండ్లు తీసుకున్న ఆ పట్టణం మేయర్ని తర్వాత కలిశాను. మూడేళ్ళ తర్వాత మొదటిసారి రాత్రి నిద్రపోయానన్నాడు. హైస్కూలు పోయిన బాధ అడిగితే కాసేపు మాట్లాడలేదు. దాని పైకప్పు బాగు చేయించింది ఆయనే.

ఇక్కడే నా అభిప్రాయం చెప్పాలి. ఊళ్ళ అప్పును కేంద్రం తన మీద వేసుకోవడం మంచిపని, తప్పనిసరి పని. బాండ్ల మీద ముందే హద్దు పెట్టని కేంద్రానికీ అందులో బాధ్యత ఉంది. కానీ అప్పు మాఫీ, బడి స్వాధీనం ఒకే మూటలో కట్టడానికి ఆర్థిక కారణం ఏదీ లేదు. ఆదాయపు పన్నులో వాటా తిరిగి ఇచ్చి, అప్పుకు అనుమతి అడగమని ఉంటే సరిపోయేది.

బడిలో ఏమైందో దగ్గర్నుంచి

క్లెబెల్స్‌బెర్గ్ కేంద్రం అని ఒక సంస్థ పెట్టారు, జనం నోట్లో "క్లిక్". దేశం మొత్తం ప్రభుత్వ బళ్ళు, లక్షకు పైగా టీచర్లు ఒకే యజమాని కిందకు. మూడు వేల జనాభా దాటిన ఊళ్ళలో ఇంకో విచిత్రం. టీచర్లు క్లిక్ ఉద్యోగులు, భవనం నడపడం మునిసిపాలిటీ పని. అంటే పాఠం చెప్పే మనిషికి ఒక యజమాని, గంట కొట్టే మనిషికి ఇంకో యజమాని.

2014లో ఒక బడి కిటికీలు, హీటింగు మార్చే గ్రాంటు పని మీద వెళ్ళాను. హెడ్‌మాస్టరు టేబుల్ మీద రెండు ట్రేలు. ఎడమ ట్రేలో క్లిక్‌కు వెళ్ళే కాగితాలు, కుడి ట్రేలో మునిసిపాలిటీకి వెళ్ళేవి. ఫోటోకాపీ యంత్రం బోధనకు పనికొస్తుంది కాబట్టి ఎడమ ట్రే. అది ఆడే కరెంటు భవనానిది కాబట్టి కుడి ట్రే. టోనరు ఎటు? ఆ ప్రశ్న మీద మూడు ఉత్తరాలు నడిచాయి, ఆయన నాకు చూపించాడు. మధ్యలో పరీక్ష పేపర్లు పిల్లల తల్లిదండ్రులు ఇంటి దగ్గర ప్రింటు తీసి పంపించారు. సుద్ద ముక్కలు, టాయిలెట్ పేపరు తల్లిదండ్రులే తెచ్చి ఇవ్వడం అప్పట్లో దేశమంతా వినిపించిన ఫిర్యాదు.

2016 జనవరిలో మిష్కోల్ట్స్ నగరంలోని ఒక హైస్కూలు టీచర్లు బహిరంగ లేఖ రాశారు. ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు వానలో గొడుగులతో వేల మంది నిలబడ్డారు. గళ్ళ చొక్కా ఆ ఉద్యమానికి గుర్తు అయింది. ఫలితంగా 2017లో క్లిక్‌ను విడగొట్టి యాభైకి పైగా విద్యా మండలాలుగా చేశారు. అందులో ఒక మెలిక ఉంది, మీ ప్రొఫెసర్ చెప్పారో లేదో. ఆ మండలాలు కూడా కేంద్రానివే. అదే దెబ్బకు భవనాల నిర్వహణ కూడా మునిసిపాలిటీల నుంచి వాటికే పోయింది. నిరసన అతి కేంద్రీకరణ మీద, వచ్చిన జవాబు ఇంకొంచెం కేంద్రీకరణ. రెండు ట్రేలు ఒకటయ్యాయి కాబట్టి ఆ హెడ్‌మాస్టరుకు పని మాత్రం తేలికైంది. ఇదీ రాయండి.

న్యాయంగా ఇంకో మాట. యారాష్ ఆఫీసుల దగ్గర పెట్టిన ఒకే చోటి సేవా కేంద్రాలు బాగున్నాయి. పాస్‌పోర్టు, లైసెన్సు, ఇంటి చిరునామా అన్నీ ఒక్క కిటికీ దగ్గర. మీ రెసిడెన్సు కార్డు కోసం వరసల్లో నిలబడి మీకు వేరే అనుభవం ఉండొచ్చు, కానీ స్థానికులు ఈ కేంద్రాలను తిట్టడం నేను తక్కువ విన్నాను. కేంద్రానికి పోయిన ప్రతిదీ చెడిపోయిందని రాస్తే మీ థీసిస్ బలహీనపడుతుంది.

2019 తర్వాత

2019 అక్టోబరులో ప్రతిపక్షాలు కలిసి పోటీ చేసి బుడాపెస్ట్‌తో పాటు చాలా నగరాలు గెలిచాయి. బుడాపెస్ట్‌కు గెర్గెయ్ కరాచోనీ మేయర్ అయ్యారు. ఆరు నెలలు తిరక్కుండా కోవిడ్. 2020లో వాహనాల పన్నులో మునిసిపాలిటీలకు మిగిలిన 40 శాతం వాటా కేంద్రానికి పోయింది. కొన్నాళ్ళు పార్కింగ్ ఉచితం అన్నారు, ఆ ఆదాయం నగరాలదే. 2021, 2022లలో చిన్న, మధ్యతరహా సంస్థలకు స్థానిక వ్యాపార పన్ను సగం చేశారు. అదీ నగరాల ఆదాయమే. 2020 ఏప్రిల్‌లో గ్యోద్ అనే పట్టణంలో శామ్‌సంగ్ బ్యాటరీ ఫ్యాక్టరీ ఉన్న భూమిని ప్రత్యేక ఆర్థిక మండలంగా ప్రకటించి, అక్కడి వ్యాపార పన్నును పట్టణం నుంచి తీసి జిల్లా సభకు ఇచ్చారు. ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో.

అసలు పెద్దది "సంఘీభావ చందా". 2017లో మొదలైంది. ఆదాయం ఎక్కువున్న ఊళ్ళు కేంద్రానికి కట్టాలి. ఆలోచనగా నేను దీనికి వ్యతిరేకిని కాదు, గ్యోర్‌కూ బారాన్యా పల్లెకూ ఉన్న దూరం చూశారు కదా. కానీ బుడాపెస్ట్ 2019లో కట్టింది 1,000 కోట్ల ఫోరింట్ల దరిదాపు, 2025కి వచ్చింది 8,900 కోట్ల దరిదాపు. వసూలైనది ఫలానా పల్లెకు చేరుతుందన్న లెక్క ఎక్కడా కట్టుబాటుగా లేదు. నేను పనిచేసిన పల్లెల ఖాతాల్లో ఆ పేరుతో ఒక్క పద్దూ చూడలేదు. పల్లెలకు 2019 నుంచి "హంగరీ పల్లె" పథకం అని వేరే గ్రాంట్లు ఉన్నాయి, ఐదు వేల లోపు ఊళ్ళకు. వాటితో మంచి పనులు జరిగాయి, శ్మశానం ప్రహరీలు, డాక్టరు ఇళ్ళు, ఆటస్థలాలు, కొన్నిటికి దరఖాస్తు నేనే రాశాను. అయితే దరఖాస్తు పెట్టి తెచ్చుకునే డబ్బుకూ, హక్కుగా వచ్చే డబ్బుకూ తేడా మేయర్ మాట తీరులో తెలిసిపోతుంది. మొదటి రకం డబ్బు తెచ్చుకున్న మేయర్ ఫోన్‌లో మెల్లగా మాట్లాడతాడు.

థీసిస్ విషయం

చాలామంది 2010ని గీతగా పెట్టి "ముందు, తర్వాత" అని రాస్తారు. మీరు 1991ని చూడండి. కేంద్రానికి తిరిగి వెళ్ళిన అధికారాల పట్టిక ఒకటి, వ్యక్తిగత ఆదాయపు పన్నులో స్థానిక వాటా ఏటా ఎంతన్నది ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెడితే మొదటిది రెండోదాని వెనకే నడుస్తుంది.

పోలిక కావాలంటే పోలండ్ తీసుకోండి. అక్కడ కమ్యూనిస్టు ప్రభుత్వమే 1970లలో ఊళ్ళను కలిపి పెద్ద "గ్మీనా"లు చేసింది. 1990లో వాళ్ళు వాటిని ముక్కలు చేయలేదు. దాదాపు 2,400 గ్మీనాలతో మొదలుపెట్టి, 1999లో 49 ప్రాంతాలను 16కి తగ్గించి మధ్యలో జిల్లా అంచె పెట్టారు. ఊరు పెద్దది కాబట్టి బడి నడిపే ఓపిక ఉంది. ఆదాయపు పన్ను వాటా అక్కడా తగ్గించే ప్రయత్నాలు జరిగాయి, కానీ అడ్డం పడే బలం గ్మీనాలకు ఉంది.

ఒక పని తప్పకుండా చేయండి. పార్లమెంటు కాగితాలు, పత్రికలు లైబ్రరీలో దొరుకుతాయి. వాటితో ఆగకండి. ఒక చిన్న ఊరు ఎంచుకుని, ముందు ఫోన్ చేసి, యెడ్జో వచ్చే రోజు చూసుకుని వెళ్ళండి. "జార్సామడాష్" అని అడగండి, ఏడాది ముగింపు లెక్కలు. అవి బహిరంగ పత్రాలు, చూపించాల్సిందే. 1991 నుంచి 2013 దాకా కట్టలు చాలా ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. ఆదాయం వైపు రెండో పేజీ తీసి ఒకే పద్దును ఏటా రాసుకుంటూ రండి. సాయంత్రం ఆఖరి బస్సు నాలుగున్నరకే వెళ్ళిపోతుంది చాలా ఊళ్ళలో, అది చూసుకోండి. భాష కష్టమైతే ఆ పేజీల ఫోటోలు ఇక్కడ పెట్టండి, చదివి పెడతాను.